ఎడారి దారిన ఒక్కతే



2011లో ఒకనాడు లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయం బయట ఒక మోటారు సైకిలు నిలిపి ఉంది. దాని యజమానురాలు లోయిస్ ప్రైస్ అనే ఇంగ్లీషు రచయిత్రి. ఆమె తిరిగి వచ్చి చూస్తే బండి మీద ఎవరో ఒక చీటీ పెట్టి వెళ్ళారు. రాసినాయన పేరు హబీబ్, ఇరాన్ దేశస్థుడు. ఒకసారి మా దేశం రండి, మా షీరాజ్ చూడండి, కవిత్వానికీ తోటలకీ స్నేహానికీ పేరుపడ్డ ఊరు మాది అని అందులోని సారాంశం. ఆ రోజుల్లో బ్రిటన్‌కీ ఇరాన్‌కీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ ఏడాది నవంబరులోనే టెహ్రాన్‌లో బ్రిటిష్ రాయబార కార్యాలయం మీద జనం పడ్డారు. ఆ తర్వాత బ్రిటన్ తన సిబ్బందిని వెనక్కి పిలిపించుకుని, లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయాన్ని మూయించింది. అలాంటి సమయంలో, ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన నాలుగు ముక్కల్ని ఆవిడ మనసులో పెట్టుకుంది. చుట్టుపక్కలవాళ్ళూ వద్దన్నారు, ప్రభుత్వమూ హెచ్చరించింది. అయినా వీసా సంపాదించుకుని, తన 250 సీసీ యమహా బండి మీద, ఒక్కతే, ఉత్తరాన తబ్రీజ్ నుంచి దక్షిణాన షీరాజ్ దాకా 3 వేల మైళ్ళు ప్రయాణం చేసింది. అంటే మన లెక్కలో 4,800 కిలోమీటర్లు. ఆ ప్రయాణం మీద ఆవిడ రాసిన పుస్తకం 2017లో వచ్చింది.

మాది చోడవరం. మొన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. ఇక్కడి నుంచి చూస్తే ఇరాన్ ఎడారి ఎక్కడో ఉంది. కానీ ఆ ప్రయాణంలో నన్ను పట్టి కూర్చోబెట్టిన సంగతి మాత్రం మన వీధిలోదే. బండి నడపడం ఎవరి హక్కు, దాని తాళం ఎవరి చేతిలో ఉంటుంది అన్నది. ఈవేళ ఆ సంగతే మాట్లాడతాను. ముందు ఎడారి చూద్దాం.

ఎడారి అనగానే సినిమాల్లో చూసిన ఇసుక దిబ్బలే మన కళ్ళకు కడతాయి. ఇరాన్‌లో ఎడారి చాలామేరకు అలా ఉండదు. రాళ్ళు, గులక, మొక్క మొలవని కొండలు, ఉప్పు పేరుకున్న పర్ర నేల. దేశం నడిమధ్యన దష్త్-ఎ-కవీర్ అనే ఉప్పు ఎడారి ఉంది. అక్కడ పైపైన గట్టిగా కనబడే ఉప్పు పెచ్చు కింద బురద ఉంటుంది. దారి తప్పి దాని మీదికి వెళ్ళిన బండి దిగబడిపోతుంది. ఆగ్నేయాన దష్త్-ఎ-లూత్ ఉంది. 2005లో ఉపగ్రహం అక్కడి నేల వేడిని 70.7 డిగ్రీల సెల్సియస్‌గా కొలిచింది. మనం వేసవిలో చెప్పుకునే 44, 45 డిగ్రీలు గాలి వేడి, ఇది నేల వేడి. రెండూ ఒకటి కావు. అయినా ఆ నేల మీద రబ్బరు టైరు దొర్లించడమంటే ఏమిటో ఊహించుకోండి.

అలాంటి చోట మనుషులు వేల ఏళ్ళుగా ఊళ్ళు కట్టుకుని బతికారు. ఎలా బతికారు? కొండ పాదాల దగ్గర లోతుగా బావి తవ్వి నీటి ఊట పట్టుకుంటారు. ఊరి వైపు నుంచి భూమి లోపల సన్నని సొరంగం, చాలా కొద్దిపాటి వాలుతో, ఆ బావి దాకా తవ్వుకుంటూ వెళ్తారు. మోటారు లేదు, ఏతం లేదు. నీళ్ళు వాటి బరువుతో అవే నడిచి వస్తాయి. భూమి లోపల ఉంటాయి కాబట్టి ఎండకు ఆవిరైపోవు. వీటిని ఖనాత్‌లు అంటారు. గొనాబాద్‌లో ఒక ఖనాత్ పొడవు 33 కిలోమీటర్లు. యజ్ద్ నగరంలో ఇళ్ళ మీద బాద్‌గీర్ అనే గాలి గోపురాలు కనిపిస్తాయి. పైన వీచే గాలిని పట్టి గదిలోకి దించుతాయి. పాత వర్తక మార్గాల పొడుగునా, ఒంటెల బిడారు ఒక పగటిలో నడిచే దూరానికి ఒకటి చొప్పున, ఎత్తయిన గోడలతో సరాయిలు కట్టారు. ఎడారి దాటడమంటే సాహసం అని మనం అంటాం గానీ, అక్కడివాళ్ళకు అది లెక్క. ఈ రాత్రి ఎక్కడ ఆగాలి, అక్కడ నీళ్ళున్నాయా, రేపు ఎండ ముదిరేలోగా ఎంత దూరం పోగలం. ఒంటె పోయి మోటారు సైకిలు వచ్చినా ఆ లెక్క మారలేదు.

ఎడారిలో బండి నడిపేవాళ్ళ పద్ధతులు కొన్ని చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో తెగింపు వాటా చిన్నది. తెల్లవారకముందే బయలుదేరతారు. ఎంత ఎండైనా నిండు చేతుల చొక్కా, దాని మీద జాకెట్ తీయరు. వేడి గాలికి ఒళ్ళు తెరిచి పెడితే చెమట పట్టినట్టు కూడా తెలియకుండా ఆరిపోతుంది, ఒంట్లో నీరు అలా పోతూనే ఉంటుంది. మెత్తటి ఇసుక తగిలితే టైర్లలో గాలి కొంత తగ్గిస్తారు. అప్పుడు టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది. ఒంటి బరువు వెనక్కి వేసి, చూపు దూరంగా పెట్టి, యాక్సిలరేటర్ వదలకుండా వెళ్ళాలి. భయపడి ముందు బ్రేకు పట్టామా, ముందు చక్రం ఇసుకలో గుచ్చుకుని మనిషి పల్టీ కొడుతుంది. బండి ఆపితే సైడ్ స్టాండు ఇసుకలో దిగిపోతుంది, దాని కింద ఒక పలక రాయో, నలిపిన డబ్బా రేకో పెట్టుకోవాలి. చైనుకు గ్రీజు ఎక్కువ పూస్తే దుమ్మంతా అంటుకుని ఆకురాయిలా అరిగించేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దులుపుకోకపోతే ఇంజను పిస్టన్లను ఇసుక తినేస్తుంది. ఇక బండి పడిపోతే లేవనెత్తడానికి పక్కన ఎవరూ ఉండరు. పెద్ద పెద్ద బళ్ళు మార్కెట్లో ఉండగా లోయిస్ ప్రైస్ 250 సీసీ తేలిక బండి ఎంచుకోవడంలో ఉన్న తెలివి ఇదే. ఒంటరిగా వెళ్ళే మనిషి తాను ఎత్తగలిగిన బండే తీసుకువెళ్ళాలి.

ఇంతకీ ఇరాన్‌లో ఆవిడను భయపెట్టిందేమిటి? ఎడారి కాదు, మనుషులూ కాదు. నగరాల్లో ట్రాఫిక్. మనుషులైతే దారి పొడుగునా ఆపి మరీ టీ ఇచ్చారు, ఇళ్ళకు పిలిచి భోజనం పెట్టారు, పడుకోమన్నారు. దేశాల మధ్య శత్రుత్వం ఉన్నప్పుడు ఆ దేశంలో ప్రతి మనిషీ శత్రువే అనిపించేలా వార్తలు వస్తాయి. రోడ్డు మీద వెళ్ళిన మనిషికి తెలిసింది వేరే. ఇందులో నాకు పెద్దగా ఆశ్చర్యం లేదు. మనకూ ఇరాన్‌కూ పరిచయం పాతదే. మన గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడే. హైదరాబాదులో ఇరానీ చాయ్ తాగని తెలుగువాడు అరుదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లోయిస్ ప్రైస్ ఇరాన్ రోడ్ల మీద మోటారు సైకిలు నడుపుతుంటే చూసిన ఇరానీ ఆడవాళ్ళు ఎంతోమంది ఉంటారు. వాళ్ళు కారు నడపవచ్చు, లారీ కూడా నడపవచ్చు. మోటారు సైకిలు మాత్రం, ఆవిడ వెళ్ళిన ఆ కాలంలో, రోడ్డు మీద నడపడానికి వాళ్ళకు లైసెన్సు ఇచ్చేవారు కాదు. అక్కడి ట్రాఫిక్ చట్టంలో మోటారు సైకిలు లైసెన్సుల గురించి రాసిన చోట పురుషులు అన్న మాటే ఉండేది, దాన్ని పట్టుకుని పోలీసులు కుదరదనేవారు. బెహ్నాజ్ షఫీయీ అనే ఇరానీ యువతి మోటోక్రాస్ పందేల్లో పేరు తెచ్చుకుంది. ట్రాక్ మీద బండిని గాల్లోకి ఎగరేసి దించగల మనిషి, ఇంటి ముందు వీధిలో మాత్రం అదే బండి నడపకూడదు. 2019లో ఇస్ఫహాన్‌లో ఒక కోర్టు లైసెన్సు అడిగిన మహిళ పక్షాన తీర్పు చెప్పింది. దాంతో తలుపు తెరుచుకున్నట్టే అనుకున్నారు గానీ పై స్థాయిలో అది నిలవలేదు. పరాయి దేశం నుంచి వచ్చిన అతిథికి దొరికిన రోడ్డు ఆ ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకు దొరకలేదు. ఆ ప్రయాణం గురించి చదువుతున్నంతసేపూ నన్ను వేధించింది ఇదే. పక్కనున్న సౌదీ అరేబియాలో ఆడవాళ్ళు కారు కూడా నడపకూడదన్న నిషేధం 2018 జూన్ 24 దాకా కొనసాగింది. ఆ రోజు కోసం జైలుకు వెళ్ళిన ఆడవాళ్ళు ఉన్నారు.

చట్టం ఒప్పుకున్న చోట కూడా అనుమానం ఒప్పుకోదు. ఆన్-ఫ్రాన్స్ దోత్‌విల్ అనే ఫ్రెంచి యువతి ప్రకటనలు రాసే ఉద్యోగం మానేసింది. 1972లో పారిస్ నుంచి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ దాకా ఒక పెద్ద మోటారు సైకిళ్ళ బృందయాత్రలో, 750 సీసీ మోటో గుజ్జీ బండి మీద వెళ్ళింది. తిరిగి వచ్చాక ఊళ్ళో ఏమన్నారంటే, ఆమె నడపలేదు, బండిని ట్రక్కులో ఎక్కించుకు వెళ్ళింది అని. ఈ మాట విన్నప్పుడు నాకు రక్తం ఉడికింది. వేల కిలోమీటర్లు మనిషి తన చేతులతో నడిపిన దారిని ఒక్క పుకారుతో తుడిచేయడం! ఆమె వాదనకు దిగలేదు. మరుసటి ఏడాది, 1973లో, 125 సీసీ కవాసాకీ మీద తోడెవరూ లేకుండా ప్రపంచం చుట్టి వచ్చింది. కెనడా, అలాస్కా, జపాన్, ఆ తర్వాత మన దేశం, పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్, టర్కీ. ఆ ఏడాది జులైలోనే అఫ్ఘానిస్తాన్‌లో రాజును దించేశారు. అలాంటి దేశాన్ని, ఆ రాతి ఎడారుల్ని, 125 సీసీ బండితో దాటింది. మన ఊళ్ళలో పాలు పోసేవాళ్ళు వాడే బండి అంతటిది.

ఇంకొకామె ఎల్స్‌పెత్ బియర్డ్. లండన్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థిని. 1982లో, 23 ఏళ్ళ వయసులో, పాత బీఎండబ్ల్యూ మీద బయలుదేరింది. ఆస్ట్రేలియాలో పని చేసి డబ్బు కూడబెట్టుకుని, అక్కడి ఎడారి నేల మీద తిరిగింది. క్వీన్స్‌లాండ్‌లో పడి ఆసుపత్రి పాలయింది, లేచి మళ్ళీ బండెక్కింది. పెనాంగ్ నుంచి ఓడలో బండితో సహా మద్రాసు రేవులో దిగింది. కొన్ని దేశాలు తోడుతో, ఎక్కువ దూరం ఒంటరిగా సాగి, 1984లో ఇల్లు చేరింది. వచ్చాక అడిగిన నాథుడు లేడు. మోటారు సైకిలు పత్రికలు కూడా ఆసక్తి చూపలేదు. ఆమె పుస్తకం అచ్చయింది 2017లో, ముప్ఫై ఏళ్ళు దాటాక. అన్నేళ్ళు ఆ ప్రయాణం ఎవరికీ అక్కర్లేకపోవడం నాకు చాలా బాధ కలిగించిన విషయం. ఆమె రాసి ఉండకపోతే ఈవేళ నేను ఈ మైకు ముందు ఆమె పేరు పలికేదాన్ని కాదు.

ఎడారి దేశాలకు ఒంటరిగా వెళ్ళిన ఆడవాళ్ళు అన్నప్పుడు మనవాళ్ళను మరిచిపోతే పాపం. గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి, మన ఉత్తరాంధ్ర నుంచి కూడా ఎంతమంది అక్కచెల్లెళ్ళు కువైట్‌కీ ఒమన్‌కీ ఇళ్ళలో పని చేయడానికి వెళ్ళారు! విమానం అంటే తెలియనివాళ్ళు, భాష రానివాళ్ళు, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి ఒక్కర్తే వెళ్ళినవాళ్ళు. ధైర్యం సంగతి వస్తే వాళ్ళది ఏ మోటారు సైకిలు యాత్రకూ తీసిపోదు. కానీ వాళ్ళు చూసిన ఎడారి విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్ళే కారు అద్దంలోంచి కనిపించినంతే. వీసా ఇప్పించిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. చాలామంది పాస్‌పోర్టు ఆ కఫీల్ బీరువాలోనే ఉండిపోతుంది. గడప దాటాలంటే వాళ్ళు దాటనివ్వాలి. ఇళ్ళలో పనికి ఇలాంటి దేశాలకు వెళ్ళే స్త్రీకి కనీసం 30 ఏళ్ళు ఉండాలనీ, ప్రభుత్వ ఆమోదం ఉన్న సంస్థల ద్వారానే వెళ్ళాలనీ మన దేశంలో నిబంధన ఉంది. అది తప్పించి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు ఉన్నారు. ఇది వింటున్నవారిలో ఎవరైనా వెళ్ళే ఆలోచనలో ఉంటే, దయచేసి ఆ నిబంధన మీ రక్షణ కోసమే అని గుర్తు పెట్టుకోండి. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి ఇంట్లో, ఇంకొకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఇక మన తెలుగు నేల మీద మోటారు సైకిలు ఎక్కిన ఆడవాళ్ళు. 2018 ఫిబ్రవరి 11న హైదరాబాద్ నుంచి నలుగురు మహిళలు నాలుగు బజాజ్ డామినార్ బళ్ళ మీద బయలుదేరారు. ముందుండి నడిపినామె జై భారతి, వృత్తిరీత్యా ఆర్కిటెక్టు. ఎల్స్‌పెత్ బియర్డ్‌దీ అదే వృత్తి కావడం చూసి నాకు ముచ్చటేసింది. తోడు వెళ్ళినవాళ్ళు ఏ.ఎస్.డి. శాంతి, శిల్పా బాలకృష్ణన్, పియా బహదూర్. వీళ్ళలో శాంతిగారు తెలంగాణ పోలీసు శాఖలో ఉద్యోగి. మణిపూర్ సరిహద్దు దాటి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం. 56 రోజులు, 17 వేల కిలోమీటర్లు. వాళ్ళు వెళ్ళింది మెకాంగ్ నది పరీవాహక దేశాలకు. అది ఎడారి కాదు, వానలూ అడవులూ ఉన్న నేల. అయినా మనవాళ్ళలో ఈ విషయానికి ఇంతకన్నా దగ్గరి పేరు నాకు కనబడలేదు.

జై భారతి ఆ తర్వాత చేసిన పని నాకు ఆ యాత్రకన్నా గొప్పగా తోస్తుంది. మోవో అనే సంస్థ పెట్టి, ఆడవాళ్ళకు బండి నేర్పించడం మొదలుపెట్టింది. నేర్పేది కూడా ఆడవాళ్ళే. నేర్చుకున్నవాళ్ళలో కొందరు అదే బండి మీద డెలివరీ పని చేసుకునో, ఎలక్ట్రిక్ ఆటో నడుపుకునో సంపాదించుకుంటున్నారు. 2021 అక్టోబరు 11న, అంతర్జాతీయ బాలికా దినోత్సవం నాడు, ఆడవాళ్ళు బండి నేర్చుకోవాలని చెప్పడానికే ఆమె దేశం చుట్టూ 40 రోజుల యాత్రకు బయలుదేరింది. పనికి వెళ్ళే ఆడమనిషికి బస్సు దొరక్కపోతే ఉద్యోగం పోతుంది. కూతురు చదువు ఆపేసే ఇళ్ళలో ఎన్నోచోట్ల కారణం ఫీజు కాదు, కాలేజీ దూరం. ఆ దూరాన్ని బండి తగ్గిస్తుంది. ఇంత చిన్న విషయాన్ని పట్టుకుని దేశమంతా తిరిగిన మనిషి ఆమె.

మా చోడవరం సెంటర్లో ఉదయం ఎనిమిది గంటలకు నిలబడితే ఇది కళ్ళారా కనిపిస్తుంది. వడ్డాది వైపు, మాడుగుల వైపు, అక్కడి నుంచి పాడేరు ఘాట్ రోడ్డు వైపు స్కూటీల మీద వెళ్ళే టీచరమ్మలు, నర్సమ్మలు, సచివాలయం ఉద్యోగులు. మా బీఎన్ రోడ్డు, అదే భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్ళే రోడ్డు, గోతులకు పేరుపడింది. చెరుకు సీజనులో లోడు ట్రాక్టర్ల మధ్యనుంచి, వానాకాలంలో గోతి ఏదో నీటి మడుగు ఏదో తెలియని చోట, వీళ్ళు రోజూ వెళ్ళి వస్తారు. ఈ రోడ్డు మీద బండి తిప్పగలిగిన ఆడమనిషికి ఇసుకలో నడపడం నేర్పితే నెల రోజుల్లో నేర్చుకుంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే వీళ్ళలో చాలామంది పెళ్ళయ్యాకో, ఉద్యోగం వచ్చాకో, తప్పనిసరై నేర్చుకున్నవాళ్ళు. ఇంట్లో మగపిల్లాడికి మీసం రాకముందే నాన్న బండి తాళం చేతికొస్తుంది. అది చట్టం ప్రకారం తప్పు కూడాను. గేరున్న బండికి 18 ఏళ్ళు నిండాలి, లైసెన్సు ఉండాలి. అదే ఇంట్లో ఆడపిల్ల 18 దాటాక అడిగినా, నీకెందుకమ్మా, తమ్ముడు దింపుతాడు కదా అంటారు. మా వైపు పెద్దవాళ్ళయితే, ఓలమ్మా, ఒక్కర్తే ఎల్తాదేటి అని నోరు నొక్కుకుంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఇరాన్‌లో చట్టం చేసిన పనిని మన దగ్గర ఆ ప్రేమే చేస్తోంది. ఆడపిల్లను కాలేజీలో దింపి తెచ్చే తమ్ముడు ఒకరోజు ఊళ్ళో లేకపోతే, ఆ రోజుకు ఆమె చదువు ఆగిపోవలసిందేనా?

దూరం వెళ్ళాలన్న కోరిక ఉన్నవాళ్ళకు నాలుగు కాగితాల సంగతి చెబుతాను. విదేశంలో నడపాలంటే మన రవాణా శాఖే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తుంది. 4ఎ ఫారం నింపి, 1,000 రూపాయలు కట్టాలి. ఏడాది చెల్లుతుంది. సొంత బండిని ఇరాన్ లాంటి దేశానికి తీసుకెళ్ళాలంటే కార్నే అనే పత్రం కావాలి. అది బండికి పాస్‌పోర్టు. సరిహద్దులో లోపలికి వెళ్ళేటప్పుడు ఒక ముద్ర, బయటికి వచ్చేటప్పుడు ఒక ముద్ర. బండిని అక్కడ అమ్మేయకుండా తిరిగి తెస్తారన్న హామీగా పెద్ద మొత్తం డిపాజిట్ పెట్టాలి. మామూలు జీతగాళ్ళకు ఎడారికన్నా ఈ డిపాజిటే కష్టం.

అందుకని నేను చెప్పే మొదటి ఎడారి మన థార్. వీసా అక్కర్లేదు, కార్నే అక్కర్లేదు, మన లైసెన్సే చాలు. చోడవరం నుంచి జైసల్మేర్ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళాలి. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం మన లంబసింగిలా చలి కొరుకుతుంది, స్వెట్టర్ మరవకూడదు. జైసల్మేర్ నుంచి తనోట్ దాకా 120 కిలోమీటర్ల దారి ఉంది, తారు రోడ్డే. పెట్రోలు ట్యాంకు జైసల్మేర్‌లోనే నింపుకోవాలి. మధ్యలో గాలికి ఇసుక కొట్టుకొచ్చి రోడ్డు మీద పరుచుకుంటుంది. అక్కడ ముందు బ్రేకు పట్టకండి. పంక్చరు కిట్టు, చైను బిగించే పానా, రెండు పూటలకు సరిపడా నీళ్ళు దగ్గర ఉండాలి. బయలుదేరేముందు మీ చేత్తో ఒక్కసారైనా చక్రం విప్పి బిగించి చూసుకోండి. బండి ఆర్సీ నాన్న పేరునో భర్త పేరునో ఉంటే ఆయన సంతకంతో ఒక ఉత్తరం, ఆధార్ నకలు కూడా ఉంచుకోండి, లేదంటే ప్రతి చెక్‌పోస్టు దగ్గరా బండి ఎవరిదని అడుగుతారు. కొత్త బండి కొంటున్న ఇళ్ళలో, నడపబోయేది అమ్మాయైతే, ఆ ఆర్సీ ఆమె పేరున రాయించండి. షోరూములో అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు.